యూనివర్సిటీలో వీడియో క్లాసులు, వైవాలు: మీటా, టీమ్సా, జూమా, సొంత సర్వరా?

వీడియోలో పాఠాలు, వైవాలు, అతిథి ఉపన్యాసాలు మొదలుపెట్టాలనుకునే డిపార్ట్‌మెంట్ ముందుగా అడిగేది ఏ యాప్ మంచిదని. దానికి సగం జవాబు మీ మెయిల్ ఐడీలోనే ఉంది. కాలేజీ ఇచ్చిన మెయిల్ గూగుల్‌ది అయితే మీట్, మైక్రోసాఫ్ట్‌ది అయితే టీమ్స్ ఇప్పటికే మీ చేతిలో ఉన్నట్టే. ఆ రెంటిలో ఒకటి ఉండగా మూడోదానికి డబ్బు కట్టాలంటే గట్టి కారణం కావాలి. అలాంటి కారణాలు కొన్ని ఉన్నాయి, కింద చెబుతాం. అంతకంటే ముందు ఒక మాట. యాప్ మీద నెలల తరబడి కమిటీలు వేసి, చివరికి లాప్‌టాప్‌లో ఉన్న మైకుతోనే అరవైమంది క్లాసు నడిపేవాళ్ళు చెన్నైలో తక్కువేమీ కాదు. బొమ్మ మసకబారినా పిల్లలు సర్దుకుంటారు. మాట తెగితే ఫోన్ పక్కన పెట్టేస్తారు. అందుకే ఇక్కడ యాప్‌ల కంటే గదికీ మైకుకీ ఎక్కువ చోటిచ్చాం.

మెయిల్ ఎవరిది, అందులో ఏ ప్లాన్

గూగుల్ మెయిల్ అయితే సిస్టమ్ అడ్మిన్‌ను అడగాల్సింది ఒకటే: మనది ఫండమెంటల్సా, డబ్బు కట్టే ప్లానా? ఉచితంగా వచ్చే ఎడ్యుకేషన్ ఫండమెంటల్స్‌లో మీట్‌కు 100 మంది పరిమితి ఉంటుంది. సమయానికి ఇబ్బంది లేదు, 24 గంటల దాకా నడుస్తుంది. రికార్డింగ్ లేదు, పిల్లల్ని చిన్న గుంపులుగా విడగొట్టే బ్రేకవుట్ గదులు లేవు, హాజరు పట్టీ రాదు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. మూడు వారాలు పాఠాలు బాగా నడుస్తాయి, ఇంటర్నల్స్ ముందు పిల్లలు రికార్డింగులు అడుగుతారు, అప్పుడు చూస్తే రికార్డ్ బటనే కనబడదు. ఇది సెట్టింగులో లోపం కాదు, ప్లాన్ అంతే. టీచింగ్ అండ్ లెర్నింగ్ యాడ్-ఆన్ (పాత పేరు అప్‌గ్రేడ్) అనే అదనపు లైసెన్సు ఉన్న అధ్యాపకుడు పెట్టిన మీటింగులో ఇవన్నీ వస్తాయి. దాన్ని క్యాంపస్ మొత్తానికి కొనక్కర్లేదు, పాఠం చెప్పే కొద్దిమందికి చాలు.

సొంత జీమెయిల్‌తో మీట్ పెట్టకండి. ముగ్గురు, అంతకుమించి ఉంటే గంటకు ఆగిపోతుంది. పైగా ఆ అధ్యాపకులు బదిలీ అయితే లింకులు, ఫైళ్ళు వారితోపాటే పోతాయి.

మైక్రోసాఫ్ట్ మెయిల్‌లో ఉచిత ప్లాన్ ఏ1. టీమ్స్ మీటింగులో 300 మంది దాకా చేరవచ్చు, ఏ3, ఏ5 ప్లాన్లలో 1,000 దాకా. హాజరు వివరాలు మీటింగు పెట్టినవారికి వస్తాయి. రికార్డింగ్ వన్‌డ్రైవ్‌లోకి వెళ్తుంది, ఛానెల్‌లో పెట్టిన మీటింగు అయితే షేర్‌పాయింట్‌లోకి. అడ్మిన్ ఏమీ మార్చకపోతే ఆ ఫైలు 120 రోజులకు, ఏ1 వాడేవారిదైతే 30 రోజులకు తనంతట తాను రీసైకిల్ బిన్‌లోకి పోతుంది. ఏ1 ప్లానులో ఆగస్టులో చెప్పిన పాఠం నవంబరు పరీక్షలకు కనబడకపోవడానికి కారణం ఇదే. పాఠం అయిన రోజే ఫైలు దింపుకుని వేరేచోట పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

టీమ్స్‌కు ఇంకో ఇబ్బంది, బరువు. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాబ్ కంప్యూటర్లలో స్లైడ్లు, వీడియో, బ్రౌజరు కలిపి నడిపితే మౌస్ కూడా కదలదు. అలాంటి మెషీన్లే ఉన్న చోట మీట్ నయం. అది బ్రౌజరులోనే నడుస్తుంది, ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. అసైన్‌మెంట్లు, ఫైళ్ళు, చర్చ అన్నీ ఒకే చోట ఉండాలనుకునే డిపార్ట్‌మెంటుకు టీమ్స్ బాగా సరిపోతుంది. వారానికి రెండు ఉపన్యాసాలకే అయితే అదంతా అనవసరపు మోత.

జూమ్‌కు ఎప్పుడు డబ్బు కట్టాలి

ఉచిత జూమ్‌లో 100 మంది, 40 నిమిషాలు. మన పీరియడే 50 నిమిషాలు కాబట్టి క్లాసుకు పనికిరాదు. మధ్యలో తెంచి మళ్ళీ చేరితే సరిపోతుందనే చిట్కా వినడానికి బాగుంటుంది కానీ, ప్రతిసారీ పదిమంది తిరిగి రారు.

డబ్బు కట్టి జూమ్ తీసుకోవడానికి మాకు కనబడే గట్టి కారణాలు మూడు. ఒకటి, బయటివారు ఎక్కువగా చేరే సభలు. అమెరికాలో, సింగపూరులో ఉన్న వక్తకు జూమ్ లింకు పంపితే ఎలా చేరాలని అడగరు. రెండు, వెబినార్. వందలమంది వినేవాళ్ళు, నలుగురు మాట్లాడేవాళ్ళు ఉన్న సభకు జూమ్ వెబినార్ అదనపు లైసెన్సు నిశ్చింతగా ఉంటుంది, ప్రేక్షకుల మైకులు పొరపాటున కూడా తెరుచుకోవు. మూడోది చెన్నైకే దగ్గర విషయం, సంగీతం.

ఈ యాప్‌లన్నీ మాటను వెతికి పట్టుకుని మిగతాదంతా రొదగా తీసేస్తాయి. ఫ్యాను చప్పుడు పోతే సంతోషమే. కానీ తంబురా శ్రుతి కూడా ఎడతెగకుండా మోగే శబ్దమే కదా, దాన్నీ రొదే అనుకుని మింగేస్తాయి. గాయకుడు నిషాదం మీద దీర్ఘంగా నిలిస్తే ఆ స్వరమూ అలలుగా తగ్గిపోతూ వినబడుతుంది. జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్ అనే సెట్టింగు ఉంది. ఆడియో సెట్టింగుల్లో దాన్ని ఎంచుకుని, మీటింగులోకి వచ్చాక ఎడమవైపు పైమూల కనబడే బటన్‌తో ఆన్ చేయాలి. రెండో మెట్టు మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. టీమ్స్‌లో హై ఫిడెలిటీ మ్యూజిక్ మోడ్ ఉంది, మీట్‌లో నాయిస్ క్యాన్సిలేషన్ ఆపుకోవచ్చు. మూడింటిలోనూ పని జరుగుతుంది, జూమ్‌లో అదుపు ఎక్కువ. అయితే ఏ యాప్‌లోనైనా ఒకరు పాడుతుంటే వేరే ఊళ్ళో ఉన్నవారు మృదంగం వాయించడం కుదరదు. శబ్దం చేరేసరికి అయ్యే ఆలస్యం తాళాన్ని చెడగొడుతుంది. గురువు పాడి ఆపాక శిష్యుడు అందుకునే పద్ధతిలోనే పాఠం నడపాలి.

జూమ్ రికార్డింగును లాప్‌టాప్‌లోకే తీసుకుంటున్నవారికి ఒక హెచ్చరిక. మీటింగు ముగించాక అది ఎంపీ4గా మారడానికి కొంత సమయం పడుతుంది. మార్పిడి ఎంతయిందో చూపే గీత పూర్తి కాకముందే మూత వేసి బయల్దేరితే ఫోల్డరులో వీడియో ఉండదు. డబుల్ క్లిక్ టు కన్వర్ట్ అనే పేరుతో ఒక ఫైలు కనబడుతుంది. కంగారుపడి దాన్ని చెరిపేయకండి, దానిమీద రెండుసార్లు నొక్కితే మార్పిడి మళ్ళీ మొదలవుతుంది.

సిస్కో వాళ్ళ వెబెక్స్ కూడా ఉంది. మీ యూనివర్సిటీ ఇప్పటికే సిస్కో గది పరికరాలు కొని ఉంటే వాడుకోండి. కొత్తగా మొదలుపెట్టేవారు దానికోసం వెతుక్కోనక్కర్లేదు.

సొంత సర్వర్ పెట్టుకుంటే

కంప్యూటర్ సైన్స్ విభాగం ఉన్న చోట ఎవరో ఒకరు తప్పక అంటారు, మనమే జిట్సీయో బిగ్‌బ్లూబటనో పెట్టుకుందామని. రెండూ ఓపెన్ సోర్స్ వీడియో మీటింగు సాఫ్ట్‌వేర్లే, లైసెన్సు ఖర్చు లేదు. ఖర్చంతా మనిషి మీద పడుతుంది.

జిట్సీ తేలిక. పది, ఇరవైమంది మాట్లాడుకునే సమావేశాలకు హాయిగా ఉంటుంది. వాళ్ళ ఉచిత సైటు వాడితే 2023 ఆగస్టు నుంచి గది తెరిచేవారు గూగుల్, ఫేస్‌బుక్, గిట్‌హబ్‌లలో ఏదో ఒక ఖాతాతో లాగిన్ కావాలి, వచ్చేవారికి అక్కర్లేదు. సొంతంగా పెట్టుకుంటే ఫైర్‌వాల్‌లో, అంటే నెట్ రాకపోకలను వడకట్టే చోట, బొమ్మ, మాట వెళ్ళే దారి అయిన యూడీపీ 10000 పోర్టు తెరవాలి. ఇద్దరు ఉన్నప్పుడు బాగా పనిచేసి మూడోవారు రాగానే బొమ్మ, మాట రెండూ పోతే ఈ పోర్టు మూసి ఉందని అర్థం. ఇద్దరే ఉన్నప్పుడు ఆ కంప్యూటర్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకుంటాయి, మూడోవారు వస్తేనే సర్వర్ మధ్యలోకి వస్తుంది. రికార్డింగ్ చేసే జిబ్రీ అనే భాగం ఒకటి పెడితే ఒకసారికి ఒక్క మీటింగునే రికార్డు చేయగలదు. నాలుగు క్లాసులు ఒకేసారి రికార్డు కావాలంటే నాలుగు జిబ్రీలు పెట్టాలి.

బిగ్‌బ్లూబటన్ కెనడాలోని కార్ల్‌టన్ యూనివర్సిటీలో క్లాసు కోసమే పుట్టింది, ఆ సంగతి వాడగానే తెలుస్తుంది. తెల్లబోర్డు, పోల్, అందరూ రాసే నోట్సు, బ్రేకవుట్ గదులు అన్నీ లోపలే ఉంటాయి. పాఠాలు, అసైన్‌మెంట్లు నడిపే మూడుల్ సాఫ్ట్‌వేర్ 4.0 నుంచి మూడుల్‌తో పాటే దీని అనుసంధానం వస్తుంది. దీని అసలు బలం స్లైడ్లలో ఉంది. మీట్‌లో స్క్రీన్ షేర్ చేస్తే స్లైడు వీడియోగా ప్రవహిస్తుంది, నెట్ బలహీనంగా ఉంటే అక్షరాలు కరిగిపోతాయి. బిగ్‌బ్లూబటన్‌లో ముందే అప్‌లోడ్ చేసిన స్లైడు ఒక్కసారి చిత్రంగా చేరి అక్కడే ఉంటుంది. చిత్తూరు జిల్లాలో ఇంటి దాబా ఎక్కి సిగ్నల్ వెతుక్కునే విద్యార్థికి ఈ తేడా చాలా పెద్దది.

సర్వరుకు కనీసం 8 కోర్లు, 16 జీబీ ర్యామ్, రికార్డింగులు ఉంచుకోవాలంటే 500 జీబీ డిస్కు, రెండువైపులా 250 ఎంబీపీఎస్ నెట్ కావాలి. పోర్టులు టీసీపీ 80, 443, యూడీపీ 16384 నుంచి 32768 దాకా. ఇంత ఉన్న యంత్రం మీద అన్ని క్లాసులు కలిపి 200 మందిని లెక్క వేసుకోండి. రికార్డింగులో రెండు తిరకాసులున్నాయి. గదిలో రికార్డ్ బటన్ నొక్కినప్పటి నుంచి ఆపేవరకు ఉన్న భాగమే తయారవుతుంది, అసలు నొక్కకపోతే ఏదీ మిగలదు. రెండోది, పాఠం అయిన వెంటనే రాదు, సర్వర్ దాన్ని వండుతూ ఉంటుంది. సాయంత్రానికి వస్తుందని పిల్లలకు ముందే చెప్పండి.

జీతానికి ఉన్న సిస్టమ్ అడ్మిన్, ఆయన సెలవు పెడితే చూసుకునే ఇంకొకరు, ఈ ఇద్దరూ లేకపోతే సొంత సర్వర్ జోలికి పోవద్దు. ఎంటెక్ విద్యార్థి ఉత్సాహంగా పెట్టి వెళ్ళిపోయిన సర్వర్ మరుసటి ఏడాదికి అప్‌డేట్లు లేక తలుపు తీసిన ఇల్లులా పడి ఉంటుంది.

తెలుగు స్లైడ్లు పెట్టేవారికి

తెలుగు శాఖలకు, తెలుగులో ప్రసంగాలు పెట్టుకునే చెన్నై సాహిత్య సంస్థలకు ఇది వేరే తలనొప్పి. పవర్‌పాయింట్ ఫైలును బిగ్‌బ్లూబటన్‌లోకి నేరుగా ఎక్కిస్తే దాన్ని మార్చేది సర్వర్‌లో ఉన్న లిబ్రెఆఫీస్. అక్కడ తెలుగు ఫాంటు లేకపోతే డబ్బాలు కనబడతాయి, వేరే ఫాంటు తగులుకుంటే వరుసలు స్లైడు దాటి కిందికి జారిపోతాయి. అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్ళయితే ఇంకా ఘోరం. అది యూనికోడ్ కాదు కాబట్టి, ఫాంటు లేని చోట అంతా అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల్లా తేలుతుంది. అతిథి తన ఫైలును వాట్సాప్‌లో పంపి మీ కంప్యూటరు నుంచి చూపించమన్నా ఇదే గొడవ. మందు ఒకటే. ఫైలు తయారుచేసిన కంప్యూటర్‌లోనే పీడీఎఫ్‌గా సేవ్ చేసి తెమ్మనండి. ఫాంటు అందులో ఇమిడిపోతుంది.

గది, మైకు

పదిమంది కూర్చునే సెమినార్ గదిలో బల్ల మధ్య పెట్టే యూఎస్‌బీ స్పీకర్‌ఫోన్ ఒక్కటి చాలు. మైకు, స్పీకరు ఒకే డబ్బాలో ఉంటాయి కాబట్టి ప్రతిధ్వనిని అదే అణచుకుంటుంది. సుమారు రెండు మీటర్ల లోపు కూర్చున్నవారి మాట బాగా పడుతుంది. పొడవాటి బల్ల అయితే రెండింటిని కలిపి వాడగలిగే రకం తీసుకోండి. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో దొరికే ప్రతి పొడవాటి కేబులూ పనిచేయదు. యూఎస్‌బీ 2.0కు 5 మీటర్లు హద్దు, అది దాటితే సిగ్నల్‌ను మధ్యలో పెంచే యాక్టివ్ కేబులు కావాలి. మామూలు కేబుళ్ళు రెండు కలిపి గుచ్చితే మీటింగు మధ్యలో పరికరం మాయమై మళ్ళీ ప్రత్యక్షమవుతూ ఉంటుంది. అందరూ నెట్‌ను తిడతారు, తప్పు కేబులుది.

అరవైమంది క్లాసుగదికి స్పీకర్‌ఫోన్ సరిపోదు. అధ్యాపకుడికి కాలరు మైకు, ప్రశ్నలడిగే పిల్లలకు చేతిలో పట్టుకునే వైర్‌లెస్ మైకు ఒకటి, ఈ రెండూ కావాలి. రెండోది కొనకుండా వదిలేస్తారు. అప్పుడు గదిలో ఉన్నవాళ్ళకు ప్రశ్న, జవాబు రెండూ వినబడతాయి. ఇంటి నుంచి చూస్తున్నవాడికి జవాబు మాత్రమే వినబడుతుంది.

హాలులో ఇప్పటికే మిక్సర్, పెద్ద స్పీకర్లు ఉంటే పని కొంచెం నాజూకు. అవతలి వక్త గొంతు లాప్‌టాప్ నుంచి మిక్సర్‌లోకి వచ్చి హాలు స్పీకర్లకు వెళ్ళాలి. మన మైకుల గొంతు మిక్సర్ నుంచి లాప్‌టాప్‌లోకి పోవాలి. మిక్సర్ మెయిన్ అవుట్‌పుట్‌నే లాప్‌టాప్‌కు కలిపితే వక్త గొంతు కూడా దానితో తిరిగి వెళ్తుంది, తన మాటే అర సెకను ఆలస్యంగా చెవిలో పడి ఆయన మాట తడబడుతుంది. చేయాల్సింది ఇది. లాప్‌టాప్‌కు వెళ్ళే తీగను మిక్సర్ ఆక్స్ అవుట్‌పుట్ (మెయిన్‌తో సంబంధం లేకుండా విడిగా కలుపుకునే అవుట్‌పుట్) నుంచి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ద్వారా తీసుకోండి. మైకు ఛానెళ్ళలో ఆక్స్ మీట తిప్పి పెంచండి. లాప్‌టాప్ గొంతు వచ్చే ఛానెల్‌లో ఆ మీటను పూర్తిగా సున్నాకు తెండి. చిన్న మిక్సర్లకు ఉండే యూఎస్‌బీ పోర్టు చాలావాటిలో మెయిన్ మిక్సునే పంపుతుంది, దాన్ని నమ్ముకోవద్దు.

ప్రతిధ్వని వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలో తెలిస్తే సగం గొడవ తీరుతుంది. తన గొంతు తనకు తిరిగి వినబడుతోందని ఎవరైనా అంటే, తప్పు వాళ్ళ గదిలో లేదు, ఎదుటి గదిలో ఉంది. వక్త అలా అంటే మీ హాలు చూసుకోండి, హాలులో మీ మాట మీకు తిరిగొస్తే వక్త స్పీకరు తగ్గించుకోవాలి, లేదా ఇయర్‌ఫోన్ పెట్టుకోవాలి. కీచుమని అరిస్తే మాత్రం ఒకే గదిలో రెండు పరికరాలు మైకు, స్పీకరు తెరుచుకుని ఉన్నాయన్నమాట. ముందు వరసలో ఎవరో కుతూహలంగా ఫోన్‌లో చేరి ఉంటారు.

కెమెరాకు అంత చింత వద్దు. కళ్ళ ఎత్తులో పెట్టండి, కిటికీకి ఎదురుగా పెట్టకండి. మధ్యాహ్నం చెన్నై ఎండ వెనక నుంచి పడితే ఎంత ఖరీదైన కెమెరాలోనైనా మనిషి నీడలాగే కనబడతాడు. తెర దించితే సరిపోయేదానికి కొత్త కెమెరా కొన్న సందర్భాలున్నాయి. బోర్డు మీద రాసే అధ్యాపకులకు మాత్రం కెమెరా కంటే పుస్తకం మీదికి వంచి పెట్టే విజువలైజరు మంచిది. అది లేకపోతే ఫోన్‌ను స్టాండుకు బిగించి కాగితం మీదికి తిప్పి, అదే మీటింగులో రెండో వ్యక్తిగా చేర్చండి. చేరేటప్పుడు ఆడియో లేకుండా చేరండి.

నెట్, కరెంటు

గది నుంచి వెళ్ళే వీడియోకు 3 నుంచి 4 ఎంబీపీఎస్ అప్‌లోడ్ నిలకడగా ఉంటే చాలు. వేగం కంటే నిలకడ ముఖ్యం, అందుకే వైఫై వద్దు, గోడ దాకా వైరు లాగించండి. మీ విశ్వవిద్యాలయం విద్యాసంస్థలను కలిపే ప్రభుత్వ నెట్‌వర్క్ అయిన నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్‌లో ఉంటే బయటి లైనుకు కొదవ ఉండదు. అప్పుడు ఇబ్బందంతా క్యాంపస్ లోపలి స్విచ్చుల్లో, ఫైర్‌వాల్‌లో ఉంటుంది.

ఫైర్‌వాల్ యూడీపీని ఆపేస్తే యాప్ చేతులెత్తేయదు, టీసీపీ 443 మీదుగా దారి వెతుక్కుంటుంది. మీటింగు నడుస్తూనే ఉంటుంది, కానీ పోయిన ప్రతి ముక్కనూ మళ్ళీ తెప్పించుకునే ఆ పద్ధతిలో మాట ఆగి ఆగి వస్తుంది. అనుమానం ఉంటే అదే లాప్‌టాప్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి చూడండి. అక్కడ శుభ్రంగా వినబడితే తప్పు క్యాంపస్ ఫైర్‌వాల్‌దే అనుకోవచ్చు. నెట్‌వర్క్ వాళ్ళకు ఫిర్యాదు బదులు అంకెలు ఇవ్వండి: మీట్‌కు యూడీపీ 3478, 19302 నుంచి 19309, టీమ్స్‌కు యూడీపీ 3478 నుంచి 3481, జూమ్‌కు యూడీపీ 8801 నుంచి 8810. పని తొందరగా అవుతుంది.

ల్యాబులో అరవైమందిని కూర్చోబెట్టి అరవై కంప్యూటర్లలో ఒకే మీటింగులో చేర్చడం అనవసరం. మనిషికి 1 ఎంబీపీఎస్ చొప్పున వేసుకున్నా అరవై అవుతుంది. ఒక ప్రొజెక్టరు, ఒక మంచి మైకు చాలు.

ఇళ్ళ నుంచి చేరే పిల్లల లెక్క వేరు. 1 ఎంబీపీఎస్ వీడియో గంటకు సుమారు 450 ఎంబీ తాగుతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాకు ఉన్నవాడికి మూడు గంటల క్లాసుతో ఆ రోజు డేటా దాదాపు అయిపోయినట్టే. సంక్రాంతికి నెల్లూరు, తిరుపతి వైపు వెళ్ళిన పిల్లలకు క్లాసు పెట్టదలచుకుంటే పాఠంతోపాటు ఆడియో ఫైలు కూడా ఇవ్వండి. 64 కేబీపీఎస్‌లో గంట పాఠం 29 ఎంబీకి మించదు.

ఇక వానాకాలం. ఈశాన్య రుతుపవనాల్లో సెలవు ప్రకటించగానే క్లాసు ఆన్‌లైన్‌కు మార్చేయడం చెన్నైలో ఆనవాయితీ అయింది. కానీ 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు వేళచ్చేరి లాంటి చోట్ల కరెంటు, మొబైల్ సిగ్నల్ రెండూ పోయాయి. అలాంటి రోజున హాజరు తీసుకోవద్దు, రికార్డింగు పెట్టండి చాలు. మామూలుగా ఈబీ కరెంటు పోయినప్పుడు లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, ప్రొజెక్టరుకు యూపీఎస్ ఉంటుంది, అయినా మీటింగు తెగిపోతుంది. వరండాలో తాళం వేసిన పెట్టెలో ఉన్న నెట్‌వర్క్ స్విచ్చుకు యూపీఎస్ లేకపోవడమే కారణం. ఆ పెట్టె తాళం ఎవరి దగ్గర ఉందో ముందే కనుక్కోండి.

పీహెచ్‌డీ వైవాకు

యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనలు వైవాను ఆన్‌లైన్‌లో జరపడానికి అనుమతిస్తున్నాయి. ఇక్కడ యాప్ ఎంపికకు గీటురాయి ఒకటే, బయటి పరీక్షకుడు ఇబ్బంది లేకుండా లోపలికి రాగలగాలి. టీమ్స్‌లోనూ మీట్‌లోనూ బయటివారిని అనుమతించడం అడ్మిన్ సెట్టింగు మీద ఆధారపడి ఉంటుంది. క్యాంపస్ ఖాతాతో పరీక్షించి బాగుందనుకుంటే మోసపోతారు. బ్రౌజరులో ప్రైవేట్ విండో తెరిచి, ఏ ఖాతాతోనూ లాగిన్ కాకుండా, బయటి నెట్ నుంచి లింకు నొక్కి చూడండి.

అభ్యర్థిని పక్కన పెట్టి పరీక్షకులు మాట్లాడుకునే ఘట్టానికి రెండో మీటింగు లింకు వేరేగా సిద్ధం చేసి పరీక్షకులకు మాత్రమే పంపండి. అభ్యర్థిని మీటింగులోంచి తీసేసి మళ్ళీ పిలవడం మర్యాదగానూ ఉండదు, కొన్ని యాప్‌లలో తీసేసినవారు తిరిగి చేరలేరు కూడా. పరీక్షకుడి ఫోన్ నంబరు, స్లైడ్ల పీడీఎఫ్ ఆయన మెయిల్‌లో ముందే ఉండాలి. వీడియో పోయినా మాట ఫోన్ మీద సాగించవచ్చు. సంతకం కావలసిన రిపోర్టు నమూనా ముందు రోజే పంపండి, స్కాన్ చేసిన సంతకం చెల్లుతుందో లేదో పరీక్షల విభాగం నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

అమెరికా పరీక్షకుడైతే సమయం జాగ్రత్త. మనకు రాత్రి 7:30 అయితే న్యూయార్క్‌లో చలికాలం ఉదయం 9, వేసవిలో 10. అక్కడ గడియారం మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం మారుతుంది. వాట్సాప్‌లో సమయం రాయకుండా క్యాలెండర్ ఆహ్వానం పంపితే అదే సరిచూసుకుంటుంది.

అందరికీ తెరిచిన సభలు

రంగురంగుల పోస్టరు మీద మీటింగు ఐడీ, పాస్‌వర్డు అచ్చువేసి వందేసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం మన సాహిత్య సభల అలవాటు. ఆకతాయిలు లోపలికొచ్చి అల్లరి చేయడానికి అంతకంటే తేలిక దారి లేదు. రిజిస్ట్రేషన్ ఫారం పెట్టి లింకు మెయిల్‌లో పంపండి. లేదా వక్తలను మాత్రం మీటింగులో ఉంచి ప్రేక్షకులకు యూట్యూబ్ లైవ్ ఇవ్వండి. వందమంది పరిమితి గొడవ కూడా తీరుతుంది. కొత్త ఛానెల్‌లో లైవ్ మొదటిసారి ఆన్ చేయడానికి 24 గంటల దాకా పడుతుంది కాబట్టి సభ రోజు ఉదయం మొదలుపెడితే లాభం లేదు. యూట్యూబ్‌లో బొమ్మ కొన్ని సెకన్లు వెనకబడి వస్తుంది, ప్రేక్షకుల ప్రశ్నలకు వక్త ఆ తేడా కలుపుకుని ఆగాలి. హాలులో ఎవరూ యూట్యూబ్‌ను శబ్దంతో తెరవకుండా చూడండి.

రికార్డు చేస్తున్నామని మొదట్లోనే చెప్పండి. పిల్లల ముఖాలు, పేర్లు ఉన్న రికార్డింగును బహిరంగంగా పెట్టేముందు వారి అంగీకారం తీసుకోండి.

ఏది ఎవరికి

గూగుల్ మెయిల్ ఉండి, క్లాసు వందమంది లోపు, రికార్డింగు అవసరం లేదంటే మీట్ ఉచిత ప్లానుతోనే మొదలుపెట్టండి, డబ్బంతా మైకులకు పెట్టండి. రికార్డింగు కావాలంటే పాఠం చెప్పేవారికే అదనపు లైసెన్సు. మైక్రోసాఫ్ట్ మెయిల్ అయితే టీమ్స్, 120 లేదా 30 రోజుల గడువు గుర్తుపెట్టుకుని. మూడుల్ ఇప్పటికే నడుస్తూ, అడ్మిన్ గట్టివాడై, పిల్లలు ఎక్కువగా పల్లెల నుంచి చేరేవారైతే బిగ్‌బ్లూబటన్‌కు మా ఓటు. సంగీత విభాగానికి, నెలకో అంతర్జాతీయ సభ పెట్టే విభాగానికి డబ్బు కట్టిన జూమ్ ఒకటి రెండు ఖాతాలు, యూనివర్సిటీ మొత్తానికి అక్కర్లేదు. ఆ ఖాతా ఒక మనిషి పేరు మీద కాకుండా డిపార్ట్‌మెంట్ మెయిల్ మీద తీసుకోండి. జూమ్ ప్రో ప్లాను లైసెన్సుతో ఒకే సమయంలో రెండు మీటింగులు నడపలేరు కాబట్టి ఎవరు ఎప్పుడు వాడుతున్నారో రాసుకోవడానికి ఆఫీసులో ఒక క్యాలెండర్ ఉండాలి.